అర్జున్, టీ-90: రెండు ట్యాంకులు, రెండు ఆలోచనలు

రెండూ చెన్నై దగ్గరి ఆవడి కర్మాగారంలోనే తయారవుతాయి. కానీ పుట్టుక వేరు. రష్యా రూపకల్పన చేసిన టీ-90 కోసం మనం 2001లో ఒప్పందం చేసుకున్నాం. మనమే రూపకల్పన చేసుకున్న అర్జున్‌కు 1974లో అనుమతి వచ్చింది, కానీ అది సైన్యం చేతికి రావడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యం ఇప్పటికీ బాధిస్తుంది.

అసలు తేడా లోపల కూర్చునే మనుషుల దగ్గర ఉంది. టీ-90లో ముగ్గురే. 125 మి.మీ. ఫిరంగిలో గుండును యంత్రమే నింపుతుంది కాబట్టి ట్యాంకు చిన్నది, బరువు సుమారు 46 టన్నులు. అయితే ఆ గుండ్లు సిబ్బంది కాళ్ల కిందే వలయంగా ఉంటాయి. కవచం ఛేదిస్తే ప్రాణాలు దక్కడం కష్టం. అర్జున్‌లో నలుగురు, 120 మి.మీ. ఫిరంగిలో గుండు నింపేది మనిషే. చోటు ఎక్కువ, కుదుపు తక్కువ. దాని కాంచన్ కవచం మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ప్రయోగశాలలో పుట్టింది, పేరూ అక్కడిదే.

బరువే అర్జున్‌కు శాపం. దాని మెరుగుపరచిన రూపమైన మార్క్-1ఏ దాదాపు 68 టన్నులు. పంజాబ్ కాలువల మీది వంతెనలకు అది భారమే, అక్కడ నేను టీ-90నే ఎంచుకుంటాను. రాజస్థాన్ ఎడారిలో మాత్రం నా ఓటు అర్జున్‌కే.