బోర్డు కడిగే 99 శాతం ఐపీఏ: లేబుల్ కాదు, తూకం చూడండి

మొబైల్ రిపేరు బల్ల మీద సర్క్యూట్ బోర్డులు కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే ఐపీఏ, లేకుండా రోజు గడవదు. లీటరు డబ్బాల్లో వచ్చే సరుకంతటి మీదా 99 శాతం అనే రాసి ఉంటుంది. లోపలున్నది అదేనా అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి.

ముందు తూకం. 10 మి.లీ. సిరంజితో డిస్టిల్డ్ వాటర్ తూచండి, ఖాళీ సిరంజి బరువు రెండుసార్లూ తీసేయాలి. ఆరాక అదే సిరంజితో, అదే గీత దాకా, బుడగ లేకుండా ఐపీఏ తీసి తూచండి. రెండో బరువును మొదటి దానితో భాగిస్తే 0.79 దగ్గర రావాలి. 0.82 వస్తే 90 శాతం దరిదాపు సరుకు, 0.88 వస్తే 70 శాతం సరుకు. సిరంజి గీతల్లో తేడా ఉన్నా ఈ పద్ధతిలో అది కొట్టుకుపోతుంది. తూకం లేకపోతే గాజు సీసాలో 20 మి.లీ. పోసి, చెంచాడు పొడి ఉప్పు వేసి బాగా ఊపండి. 70 శాతం సరుకు రెండు పొరలుగా విడిపోతుంది. 99 శాతమైతే ఉప్పు ఇసుకలా అడుగున కూర్చుంటుంది, పైన పొర కట్టదు.

ఈ రెండూ పట్టుకోలేనిది మిథనాల్. దాని సాంద్రతా 0.79 దగ్గరే, పైగా విషం. అందుకే బ్యాచ్ నంబరు, పరీక్ష సర్టిఫికెట్ ఇచ్చే ల్యాబ్ కెమికల్స్ షాపులోనే కొనడం మేలు, పది రూపాయలు ఎక్కువైనా సరే. చివరగా శుభ్రమైన అద్దం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. మరక మిగిలిందా, ఆ డబ్బా బోర్డుల దగ్గరికి రానివ్వకండి. శానిటైజర్ పనికిరానిది ఇందుకే: డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో 75 శాతం ఐపీఏతో పాటు 1.45 శాతం గ్లిజరాల్ ఉంటుంది. ఆల్కహాల్ ఎగిరిపోయినా గ్లిజరాల్ బోర్డు మీదే జిడ్డుగా ఉండిపోతుంది.

ఇక పనితనం. సోల్డర్ బాగా అతకడానికి రాసే రోజిన్ ఫ్లక్స్‌ని (చెట్టు జిగురుతో చేసింది) తీయడానికి ఐపీఏ భేషుగ్గా పనిచేస్తుంది. నీటి తలతన్యత (ఉపరితలపు బిగువు) మీటరుకు 72 మిల్లీన్యూటన్లుంటే దీనిది 21 దాకానే, అందుకే ఐసీ (చిప్) కాళ్ల కిందికి సులువుగా దూరుతుంది. కానీ కడిగాక బోర్డు మీద తెల్లటి పొర వచ్చిందని ఐపీఏని తిట్టేవాళ్లే ఎక్కువ. తప్పు చాలాసార్లు కడిగే తీరులోనే ఉంటుంది. కరిగిన రోజిన్‌ని అక్కడే ఆరనిస్తే బోర్డంతా పలచగా పరుచుకుంటుంది. బ్యాటరీ తీసేసి, చోటంతా తడిసేలా పోసి, అర నిమిషం నానబెట్టి, స్థిర విద్యుత్తు పుట్టించని ఈఎస్‌డీ బ్రష్‌తో రుద్దండి. తడి ఆరకముందే బోర్డును ఏటవాలుగా పట్టుకుని కొత్త ఐపీఏతో కిందికి కడిగేయండి. కింది అంచున చేరినదాన్ని నూలుపోగులు రాలని గుడ్డతో అద్దండి. వాడిన ఐపీఏలోనే బ్రష్‌ని మళ్లీ ముంచితే చేసిందంతా వృథా.

అలా కడిగినా తెలుపు పోలేదంటే అది ఫ్లక్స్‌లోని యాక్టివేటర్ (లోహం మీది తుప్పు తీసే పదార్థం) లవణం కావచ్చు. దానికి కాస్త నీరు కావాలి. బోర్డు మీద అయాన్ మలినాలు కొలిచే రోజ్ పరీక్షలో వాడేది 75 శాతం ఐపీఏ, 25 శాతం డీఅయనైజ్డ్ నీరే. అదే పాళ్లలో ఒకసారి కడిగి, చివర 99 శాతంతో ముగిస్తే సరి.

అసిటోన్, ఎన్‌సీ థిన్నర్ (పెయింట్ పలచన చేసేది) చవకే. కానీ 56 డిగ్రీలకే మరిగే అసిటోన్ ఏబీఎస్ ప్లాస్టిక్ కనెక్టర్‌ని కరిగించేస్తుంది, థిన్నరూ ప్లాస్టిక్‌ని వదలదు. ఐపీఏ ఆ విషయంలో మర్యాదస్తురాలు గానీ, తెర మీది వేలిముద్ర పట్టని పూతకీ, యాక్రిలిక్ కోటింగ్‌కీ, సీలు లేని రిలేకీ దూరంగా ఉంచాలి.

అసలు లోటు మంట. ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) 12 డిగ్రీలే, అంటే మన గదుల్లో ఏ కాలంలోనైనా అంటుకోగల ఆవిరి ఉన్నట్టే. ఆ ఆవిరి గాలి కంటే రెట్టింపు బరువు, బల్ల దిగి నేల మీద పాకుతుంది. గాలిలో 2 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. సోల్డరింగ్ ఐరన్, హాట్ ఎయిర్ కట్టేశాకే మూత తీయండి. బీజీఏ (కాళ్లకు బదులు అడుగున సోల్డర్ గుళ్లుండే చిప్) కింద తడి పూర్తిగా ఆరకుండా పవర్ ఇవ్వకండి.

5 లీటర్ల క్యాన్ లాభమనిపిస్తుంది గానీ, విశాఖ లాంటి సముద్రతీరపు తేమలో మూత తీసిన ప్రతిసారీ అది నీరు పీల్చుకుంటుంది. మరిగించి ఆ నీటిని తీసేద్దామన్నా కుదరదు: బరువులో 12 శాతం నీరు చేరాక రెండూ కలిసి 80.3 డిగ్రీలకే ఆవిరవుతాయి. రోజుకు పది బోర్డులు కడిగేవారికి అర లీటరు సీసాలే నయం.