14416 మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను: ఓ ఇంటర్ కుర్రాడి తల్లి రివ్యూ

మావాడికి కడుపునొప్పితో మొదలైంది. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్. వీకెండ్ టెస్ట్ ముందురోజు ఫోన్ చేసి నొప్పి అంటాడు, ఆసుపత్రికి తీసుకెళ్తే స్కానింగ్ నార్మల్, రక్తపరీక్షలు నార్మల్, గ్యాస్ మాత్రలు రాసి పంపేవారు. దసరా సెలవులకి ఇంటికొస్తే ప్రతిదానికీ కస్సుమంటున్నాడు, రాత్రి మూడింటిదాకా మేలుకుంటున్నాడు, క్రికెట్ బ్యాటు అటక మీద నుంచి దించనే లేదు. పొగరెక్కిందని వాళ్ల నాన్న, ఫోన్ వల్లేనని నేను. కాలేజీ వాళ్లని అడిగితే "ఈ ఏజ్‌లో అందరూ ఇంతే మేడమ్" అన్నారు, ఫీజు బాకీ మాత్రం గుర్తు చేశారు.

టెలీ మానస్ గురించి చెప్పింది మా ఆడపడుచు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సర్వీసు, నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. మావాడు మాట్లాడనన్నాడు కాబట్టి నేనే చేశాను. తెలుగులోనే మాట్లాడారు, అదే పెద్ద ఊరట, ఎందుకంటే ఇలాంటివి నాకు ఇంగ్లీషులో చెప్పడం రాదు.

ఫోన్ ఎత్తినావిడ అంతా విని "దిగులుగా ఉంటున్నాడా" అని ఊరుకోలేదు, "విసుక్కుంటున్నాడా" అని కూడా అడిగింది. ఈ వయసులో డిప్రెషన్ చాలాసార్లు కోపంగా బయటికొస్తుందట. రెండు వారాలు దాటిందా, దాదాపు రోజూ ఉంటోందా, ఇష్టమైన పనులు మానేశాడా, తిండి ఎలా ఉంది, స్నేహితులతో మాట్లాడుతున్నాడా, ఇలా ఒక్కొక్కటీ అడిగింది. కడుపునొప్పి సెలవుల్లో కూడా వస్తోందా అన్నప్పుడు నాకు వెలిగింది, ఒక్కసారీ రాలేదు. టెన్షన్ ఎక్కువైతే ఒంట్లో ఇలాగే కడుపునొప్పి, తలనొప్పి, గుండెదడ వస్తాయి, వాడు నటించడం లేదమ్మా అంది. నేను ఎన్నిసార్లు "నాటకాలు ఆడకు" అన్నానో!

తర్వాత "చచ్చిపోవాలని ఉందేమో వాణ్ని అడిగారా" అంది. చేతులు చల్లబడ్డాయి. అడిగితే లేనిపోని ఆలోచన ఎక్కించినట్టవుతుందేమో అన్నాను. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉంటే బయటపడుతుంది, అడగండి అంది. ఆ రాత్రే అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. "చావాలని కాదమ్మా, పొద్దున్న మెలకువ రాకపోతే బాగుండనిపిస్తుంది" అన్నాడు.

ఫోన్‌లో జబ్బు పేరు పెట్టరు, ఆ ఆశతో చేయకండి. సైకియాట్రిస్టుకి చూపించమన్నారు, చూపించాం. ప్రభుత్వాసుపత్రిలోనే, డాక్టరు పీహెచ్‌క్యూ-9 అని, డిప్రెషన్ ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాల్సిందే, మావాడికి 16. (వాడికి మార్కులు తక్కువ రావాలని నేను కోరుకున్న పరీక్ష అదొక్కటే.) ఆ అంకె చూసే తేల్చేయలేదు, వాడితో విడిగా గంటసేపు మాట్లాడారు.

నాలుగున్నర స్టార్లు. అర ఎందుకు తగ్గించానంటే, ఫోన్‌లో పిల్లాడి ముఖం కనపడదు, మనం ఎంత చెబితే అంతే వాళ్లకి తెలిసేది. ప్రాణం మీదికి తెచ్చుకునేలా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే తీసుకెళ్లండి.

హాస్టల్ మాన్పించాం, ఇప్పుడు ఇంటి నుంచే కాలేజీకి వెళ్తున్నాడు, కౌన్సెలింగ్ నడుస్తోంది. మొన్న ఆదివారం బ్యాటు దించాడు, అటక మీద దుమ్మంతా నా నెత్తిన పోసి.