గ్రాట్యుటీ కట్టాక మళ్లీ టిప్ వేశాం

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో, రివర్ వాక్ అనే నది ఒడ్డు నడకదారి మీద చేసిన ఒక్క భోజనానికి రెండుసార్లు టిప్ కట్టాం. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను. హ్యూస్టన్, ఆస్టిన్‌లలో బస, తిరుగుడు అన్నీ బాగానే జరిగాయి.

ఆ రోజు ఆరుగురం: మా వారు, నేను, పిల్లలిద్దరు, అత్తయ్య, మామయ్య. తిన్నదానికి 150 డాలర్లు, 8.25 శాతం ట్యాక్స్ 12.38. ఆ కింద ఇంకో లైను, గ్రాట్యుటీ 18 శాతం, 27 డాలర్లు. మొత్తం 189.38. గ్రాట్యుటీ అంటే మనకు రిటైరయ్యాక చేతికొచ్చే డబ్బు. గవర్నమెంటు ఉద్యోగం చేసిన మామయ్య కూడా "వీళ్ల పీఎఫ్ లాంటిదేదో మన దగ్గర కోస్తున్నారమ్మా" అన్నారు.

వడ్డించిన కుర్రాడు మా కార్డు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. కార్డు కళ్లముందు లేకపోతే నాకు టెన్షన్. పిన్ అడగలేదు, ఓటీపీ రాలేదు. రెండు చీటీలతో తిరిగొచ్చాడు, ఒకటి మాకు, ఒకటి సంతకం చేసి వాళ్లకివ్వడానికి. అందులో టిప్ అని ఖాళీ గీత. అమెరికాలో టిప్ ఎగ్గొట్టకూడదని విని ఉన్నాం కదా, మా వారు 30 వేసి, టోటల్ 219.38 అని రాసిచ్చారు. అతను చూసి, థాంక్యూ అని తీసుకుపోయాడు.

అప్పుడు ఫోనుకొచ్చిన మెసేజ్ 189.38కే. మూడు రోజుల తర్వాత స్టేట్‌మెంట్‌లో 219.38 కనిపిస్తే బిల్లు తీసి చూశాం. అక్కడ గ్రాట్యుటీ అంటే టిప్పే! ఆరుగురు, అంతకు మించి వెళితే చాలాచోట్ల వాళ్లే కలిపేస్తారట. రెండున్నర వేల రూపాయల పైనే పోయింది. మా వారు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

టిప్ ఇవ్వొద్దని మాత్రం నేను చెప్పను. టెక్సస్‌లో టిప్పులొచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు, 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పుతో కలిపి గంటకు కనీస వేతనం 7.25 రాకపోతేనే మిగతాది ఆయన వెయ్యాలి. వాళ్ల ఇల్లు గడిచేది మన టిప్పుతోనే. 18 నుంచి 20 శాతం ఇవ్వండి, ట్యాక్స్ కలపకముందు మొత్తం మీద లెక్కేయండి. కానీ సంతకానికి ముందు "టిప్ ఇందులో కలిసిందా?" అని అడగండి. ఒకసారి తీసుకున్నాక మళ్లీ గీత చూపించి ఊరుకోవడం నా దృష్టిలో మోసమే. మన దేశంలో అయితే సర్వీస్ ఛార్జి ఇష్టమైతేనే కట్టాలని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. బిల్లులో కనిపిస్తే తీసేయమనండి.

తిరుగు ప్రయాణంలో టోక్యోలో రెండు రోజులు ఆగాం. అసాకుసా అనే పేటలో ఓ చిన్న సోబా (జపాన్ నూడుల్స్) కొట్టుకి వెళ్లాం. పులుసులో చేప ఉంటుందని అత్తయ్య రూములోనే ఉండిపోయారు. ఐదుగురికి 4,850 యెన్లు, ట్యాక్స్ అందులోనే. డబ్బు గుమ్మం దగ్గర కౌంటరులోనే కట్టాలి, చేతికివ్వకుండా చిన్న పళ్లెంలో పెట్టాలి. మా వారు 5,000 పెట్టి, ఉంచుకోమని చెయ్యి ఊపి బయటికొచ్చేశారు. సందు మలుపు దాకా వచ్చామో లేదో, ఏప్రన్‌తోనే ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆయాసపడుతూనే వంగి, రెండు చేతులతో 150 యెన్లు అందించింది, ఒక వంద బిళ్ల, ఒక యాభై బిళ్ల.

ఆ యాభై బిళ్లకు నడిమధ్య చిల్లు. మామయ్య దాన్ని వెలుగుకు పెట్టి చూసి, "చిన్నప్పుడు నా మొలతాడుకి ఇలాంటి చిల్లు కాణీయే కట్టింది మా అమ్మ" అన్నారు. అత్తయ్యకు చూపించాలని దాన్ని చొక్కా జేబులో విడిగా వేసుకున్నారు.