గోదావరి ఒడ్డు నుంచి జేఎన్‌యూ గోదావరి హాస్టల్‌కి

ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ) స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌లో, అంటే దేశాల మధ్య సంబంధాల గురించి చెప్పే విభాగంలో, ఎంఏ ఎలా ఉంటుందని మా చెల్లి ఫ్రెండ్స్ తెగ అడుగుతున్నారు, అందుకే ఇది. ఈ స్కూల్ 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో విడిగా మొదలై, 1970లో జేఎన్‌యూలో కలిసిన సంస్థ. కోర్సు రెండేళ్లు.

మొదటి సెమిస్టర్ థియరీ పేపరు నన్ను ఏడిపించింది. మాది రాజమండ్రి, డిగ్రీ బీకాం. ‘అనార్కీ’ అంటే గందరగోళం అనుకున్నా. ఇక్కడ దానర్థం వేరు: దేశాలన్నిటి మీదా పెత్తనం చేసే ప్రభుత్వం లేకపోవడం. నోట్సు పక్కన ‘ఊళ్లో పెద్దమనిషి లేడు’ అని రాసుకున్నా. సెమినార్‌లో అదే చెబితే నవ్వారు, తలలూ ఊపారు. ఆ ఒక్క మాటతో సగం సిలబస్ చిక్కు విడిపోయింది.

చదవాల్సింది మాత్రం బోలెడు. రాత్రి లైబ్రరీ, తర్వాత క్యాంపస్‌లోని గంగా ధాబాలో చాయ్, అక్కడ మళ్లీ చైనా మీద వాదనలే!

ఎంట్రన్స్‌కని హైదరాబాద్‌లో ఓ కోచింగ్‌కు (పేరెందుకులెండి) 18,000 కట్టా. పాత జీకే జిరాక్సులు చేతిలో పెట్టారు. దండగ.

ఒకటి, ఇది చదివితే ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు ఉద్యోగం) వచ్చేయదు. దానికి సివిల్స్ రాయాల్సిందే. మా నాన్నకి ఇప్పటికీ చెబుతూనే ఉన్నా.