పావురాల పేలకు బాల్కనీ వల: నెల్లూరు ఎండావానా చూశాక

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక పావురాలు గూడు పెట్టి, ఆ గూట్లోంచి పేలు (తలలో పేలు కావు, బర్డ్ మైట్ అనే సన్నటి పురుగులు) ఇంట్లోకి పాకి, ఒళ్లంతా దద్దుర్లతో అల్లాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మాది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మూడో అంతస్తు. వల కట్టించింది 2022 వేసవిలో. ఆ తర్వాత రోహిణి కార్తె ఎండలు, కార్తీకంలో ముసురు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను గాలి, అన్నీ చూసింది ఆ వల. స్ప్రేల మీద పెట్టిన డబ్బు పోయింది. వల మీద పెట్టింది పైసాతో సహా గిట్టింది.

మా బాధ పావురం పిల్లలు ఎగిరిపోయాక మొదలైంది. ఇది చాలామందికి అర్థం కాదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. పావురం మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. పొదగడానికి పదిహేడు పద్దెనిమిది రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. అన్నాళ్లూ పేలకు గూట్లోనే కడుపు నిండుతుంది, మన జోలికి రావు. ఈ లోపు అవి వేలల్లో పెరుగుతాయి, ఎందుకంటే మన వేడికి గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి ఒక వారం చాలు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయిన మర్నాటి నుంచి వాటికి తిండి లేదు. అప్పుడు గోడ పట్టుకుని వెచ్చదనం ఎక్కడుంటే అక్కడికి బయల్దేరతాయి. మా ఇంట్లో అవి ఎంచుకున్న దారి ఏసీ పైపు గోడలోంచి వచ్చే బొక్క. ఆ గోడకు ఆనించే మా పాప మంచం.

పాపకు నడుం దగ్గర, మెడ చుట్టూ ఎర్రెర్రగా పొక్కులు లేచాయి. "చెమటకాయలే అమ్మాయ్, గంధం రాయి" అంది అత్తమ్మ. రాశాం, తగ్గలేదు. చర్మం డాక్టరు గారు పొక్కులు చూసి అడిగిన మొదటి మాట, "ఇంటి దగ్గర పావురాలున్నాయా?" అని. ఇది గజ్జి కాదనీ, ఈ పురుగు చర్మంలోకి తొలుచుకుపోదనీ, మనిషి మీద కాపురం పెట్టలేదనీ ఆయన చెప్పాకే నాకు ఊపిరి ఆడింది. కాలమైన్ లోషన్, దురద తగ్గడానికి మందు రాసిచ్చారు. ముందు గూడు సంగతి చూడమన్నారు.

ఆ రాత్రి లైట్లు తీసేసి ఫోన్ టార్చి వేసి పైపు బొక్క దగ్గర చూశాం. మిల్లీమీటరు కూడా లేని చుక్కలు కదుల్తున్నాయి. కొన్ని బూడిద రంగు, కొన్ని ముదురు ఎరుపు. సెల్లో టేపు ముక్క అద్ది తీసి తెల్ల కాగితం మీద అంటిస్తే కాళ్లు ఆడిస్తూ స్పష్టంగా కనబడ్డాయి. ఎర్రగా ఉన్నదాన్ని గోటితో నొక్కితే రక్తం మరక. మీ ఇంట్లో అనుమానముంటే ఈ టేపు పరీక్ష చేయండి, ఖర్చు లేదు.

ఫోనులో కిటికీ దగ్గర ఎర్ర పురుగులు అని వెతికితే ముందు క్లోవర్ మైట్ గురించి వస్తుంది. అది వేరు. చలి దేశాల్లో ఇంటి చుట్టూ ఉండే పచ్చికలో గడ్డిరసం తాగి బతుకుతుంది, వసంతకాలంలో గోడలెక్కి కిటికీల్లోంచి లోపలికొస్తుంది. నలిపితే ఎర్ర మరక దానికీ పడుతుంది కానీ ఆ ఎరుపు దాని ఒంటి రంగు. మనిషిని కుట్టదు. గోడ పక్కన రెండడుగుల మేర గడ్డి తీసేయమని చెప్తారు దానికి. మూడో అంతస్తులో పావురాల పేలతో బాధపడేవాళ్లకు ఆ సలహా ఎందుకూ పనికిరాదు. తొలకరికి పొలాల్లో కనబడే ఆరుద్ర పురుగు కూడా ఈ మైట్ జాతిదే, దానివల్లా మనకే ఇబ్బందీ లేదు.

ఇక వాడినవి. బొద్దింకల స్ప్రే కొడితే కంటికి కనబడ్డవి చచ్చాయి, రెండు రాత్రులు గడిచాక మళ్లీ అంతే. గూడు అక్కడే ఉంటే ఎంత కొట్టినా ఇంతే. పైగా పసిపిల్ల పడుకునే గదిలో ఆ వాసన నాకు మనసొప్పలేదు. కర్పూరం, కలరా ఉండలు పనిచేయలేదు. ప్లాస్టిక్ ముళ్ల పట్టీ అంటిస్తే పావురాలు ఆ ముళ్ల మధ్యే పుల్లలు ఇరికించి కొత్త గూడు మొదలుపెట్టాయి.

పనిచేసింది ఈ వరస. పాత గూట్లో గుడ్లు గానీ పిల్లలు గానీ లేవని చూసుకున్నాక మా ఆయన మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ముందు సబ్బునీళ్లు బాగా చిలకరించి, తడిసిన గూటినీ రెట్టనూ కవర్లో కట్టి బయట పారేశారు. ఎండిన రెట్టను చీపురుతో ఊడవకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది, ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు దగ్గరికే పోకూడదు. తర్వాత పురుగుల మందు కొట్టేవాళ్లను పిలిచి బయట శ్లాబు మీద, యూనిట్ చుట్టూ మాత్రమే కొట్టించాం. పైపు బొక్కను ఎం-సీల్‌తో మూసేశాం. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి, పరుపులు మిద్దె మీద మండుటెండలో వేశాం. గది మూలలు వ్యాక్యూమ్‌తో లాగి, ఆ చెత్త సంచీని వెంటనే మూటగట్టి బయట పడేశాం. దద్దుర్లు క్రమంగా ఆగిపోయాయి.

ఇదంతా మళ్లీ చేయాల్సిన అవసరం రానివ్వకుండా కాపాడింది వల. వల పేలను ఆపదు, దాని కన్నులోంచి ఏనుగంత దారి వాటికి. అది ఆపేది పావురాన్ని. పావురం రాకపోతే గూడుండదు, గూడు లేకపోతే పేలుండవు. రెండంగుళాల కన్ను పావురాలకు సరిపోతుంది. పిచ్చుకలు కూడా దూరుతుంటే ముప్పావు అంగుళంది తీసుకోవాలి.

కట్టడానికి వచ్చిన కుర్రాళ్లు ఫోటోలో బాగుంటుందని కనబడని తెల్ల నైలాన్ చూపించారు. "అక్కా, ఇది ఎండకు తొందరగా పెళుసవుద్ది, ఎండకు తట్టుకునేటట్టు చేసింది తీసుకో" అని వాళ్లలోనే ఒకబ్బాయి చెప్పాడు. ఆ మాట విని నల్లటిది వేయించాం. తాడు రంగు కొంచెం వెలిసింది గానీ ఇప్పటికీ లాగితే తెగదు. ఆ అబ్బాయి చల్లగుండాలి. దెబ్బ తిన్నది కొక్కేలు. జింకు పూతవి వేశారు, సముద్రం దూరం లేని ఊరు, ఉప్పుగాలికి తుప్పెక్కి గోడ మీద గోధుమరంగు చారలు దిగాయి. మిచాంగ్ గాలికి ఊడిపోయినవి కూడా అట్లా తుప్పెక్కినవే. వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం, మళ్లీ ఇబ్బంది రాలేదు. మొదటే అవి అడగండి, ధరలో తేడా పెద్దగా ఉండదు.

ఇంకో లోపం. శ్లాబు కింద అరచేయంత సందు వదిలేసి వెళ్లారు మొదట. పావురానికి ఆ సందు చాలు. డబ్బు ఇచ్చేముందు నాలుగు అంచులూ చేత్తో తడిమి చూసుకోండి.

వల కట్టాక పావురాలు మాయం కావు, పక్కకు పోతాయి. మావి మెట్ల పక్క డక్టులోకి చేరాయి. పైఇంటి పెద్దమ్మ రోజూ మిద్దె మీద జొన్నలు వేసేది, భర్త పోయినప్పటినుంచి ఆమె పట్టిన నియమం అది. పాప ఒంటి మీద మచ్చలు చూపించి, "పెద్దమ్మా, ఆ గింజలేవో చెరువుగట్టున వేద్దురూ" అని అడిగాను. ఏమనుకుంటుందో అని భయపడ్డాను గానీ మర్నాటి నుంచి మనవడి బండి మీద వెళ్లి అక్కడే వేసి వస్తోంది. డక్టు పైన వల మాత్రం అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి వేయించుకోవాల్సిందే, ఒక్కరి వల్ల అయ్యేది కాదు.

ఏసీ సర్వీసుకు మనిషి వచ్చినప్పుడు దగ్గరుండండి. మా ఇంటికి వచ్చినతను అడక్కుండానే కత్తెరతో వల కోసేశాడు. కింది అంచు తాడు ముడి విప్పితే యూనిట్ అందుతుంది, పనయ్యాక మళ్లీ కట్టుకోవచ్చు. కట్టించేటప్పుడే ఆ వైపు ముడి విప్పుకునేలా వేయమని చెప్పండి.