మాండలిక రూపమా, ప్రామాణిక రూపమా: చెక్ పొలాల పేర్లు

పొడవాటి పొలాన్ని ప్రామాణిక చెక్‌లో ‘ద్లోఉహే’ అంటే, చెక్ దేశపు తూర్పు భాగమైన మొరావియాలోని హనా ప్రాంతం వారు ‘ద్లోహే’ అని, తూర్పు మొరావియా వారు ‘ద్లూహే’ అని అంటారు. పటంలో ఏది రాయాలి?

శ్రమ, ఖర్చు: ప్రామాణిక రూపాన్ని బల్ల దగ్గరే దిద్దవచ్చు, మాండలిక రూపం కోసం ఊరికి వెళ్లి పెద్దల నోట వినాలి.

నష్టం: మాండలిక రూపాన్ని బయటివారు పోల్చుకోలేకపోవచ్చు. దిద్దితే మాత్రం ఒక్క అచ్చు (స్వరం) మార్పుతోనే ప్రాంతపు ఆనవాలు చెరిగిపోతుంది. బెస్కిడీ కొండల్లో వాలును తెలిపే ‘గ్రూన్’ లాంటి మాటకు మామూలు పదం పెడితే పేరే మిగలదు, నా దృష్టిలో ఇదే పెద్ద నష్టం.

భూమి దస్తావేజులకు, అత్యవసర సేవలకు ప్రామాణిక రూపం నయం. బ్ర్నో నగరంలో సిద్ధమవుతున్న మొరావియా, సిలీసియా స్థలనామ నిఘంటువు వంటి పనికీ, ఊరివారు తమకోసం గీసుకునే పటానికీ మాండలిక రూపమే తగినది.