ఉప్పలపాడులో ఒక పొద్దున: గూడబాతులు, పిల్లలు, మామ్మగారి చిలక

ముందే చెప్పేస్తున్నా, పక్షుల కోసం శనివారం రాత్రి గుంటూరులో రూం తీసుకోవడం మాకు దండగ ఖర్చే అయింది. బెజవాడలో ఐదున్నరకి బయల్దేరితే తెల్లారేసరికి ఉప్పలపాడులో ఉండొచ్చు. మేం మాత్రం పిల్లలు పొద్దున్నే లేవరన్న భయంతో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. పేరు ఎందుకులెండి. ఫోన్లో 24 గంటలూ వేడినీళ్ళు అన్నారు, తీరా ఐదింటికి అడిగితే ఏడింటి దాకా గీజర్ వెయ్యం అన్నాడు కుర్రాడు. స్నానాలు మానేసి, చన్నీళ్ళతో మొహాలు కడుక్కుని ఆటో ఎక్కాం.

గుంటూరు నుంచి పది కిలోమీటర్ల లోపే. ఆటో బేరం రానూపోనూ కలిపి, అక్కడ ఆగే టైము కూడా చెప్పి ముందే ఆడుకోండి, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు ఊళ్ళో మాకు ఒక్క ఖాళీ ఆటో కనపడలేదు. మేం రెండు గంటలన్నాం, పది దాటేదాకా కదల్లేదు. అతను గొణుక్కుంటూ ఇంకో వంద తీసుకున్నాడు, తప్పు మాదే.

అడవిలాంటిది ఊహించుకుని వెళ్తే నిరాశ పడతారు. ఇది ఊరి చెరువు. చెరువులో చెట్లు, అవి చాలక పక్షులు వాలడానికి పెట్టిన ఇనప స్టాండ్లు, వాటి నిండా పక్షులు. చూసేముందే వాసన వస్తుంది. రెట్టా, చేపలూ కలిసిన ఘాటు. మా చిన్నోడు (ఐదేళ్ళు) ముక్కు మూసుకుని "ఇంటికెళ్దాం" అని మొదలెట్టాడు. ఆ గొడవ ఓ పావుగంట. టోపీలు మాత్రం మర్చిపోకండి, మా ఆయన చొక్కా భుజం మీద ఆ రోజు గుర్తు ఇంకా ఉంది.

చిన్నోడి నోరు మూయించింది ఒక గూడబాతు (పెలికాన్). మాకు బాగా దగ్గరగా ఉన్న గూడు అది. తల్లి వచ్చి వాలి నోరు తెరిచింది. పిల్ల తన తలంతా తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి, ఇంకా లోపలికి గొంతులోకి దూర్చేసింది, బయట రెక్కలు కొట్టుకుంటున్నాయి తప్ప తల కనపడదు. "అమ్మా, తినేస్తోంది!" అని అరిచాడు వాడు. తినేయట్లేదురా, అన్నం పెడుతోంది అంటే నమ్మలేదు. తల బయటికి వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. తర్వాత గంటసేపు ఆ ఒక్క గూడు ముందు నుంచి లేవలేదు, ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని మనిషి!

పెద్దదానికి తొమ్మిదేళ్ళు, దానివన్నీ ప్రశ్నలు. ఎర్రకాళ్ళ కొంగ అన్నారు, కాళ్ళు తెల్లగా ఉన్నాయేంటి అంది. నిజమే, కొన్నిటికి సున్నం కొట్టినట్టు ఉన్నాయి. అది దాని రెట్టే. ఎండ ఎక్కితే కొంగ తన కాళ్ళ మీదే రెట్ట వేసుకుంటుంది, ఆ తడి ఆరుతుంటే ఒళ్ళు చల్లబడుతుంది. కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే అని చెప్పా. ఇద్దరూ పడీపడీ నవ్వారు, కానీ ఆవిరయ్యేటప్పుడు వేడి ఎలా పోతుందన్న సైన్సు పాఠం పుస్తకంలో కంటే అక్కడే ఎక్కింది. నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుంది, పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెద్దయ్యాక వస్తుంది. ఇది చెప్పాక మా అమ్మాయి ప్రతి కొంగ ముక్కూ చూసి వయసు లెక్కకట్టడం మొదలెట్టింది. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్ళండి, మేం పక్కనున్న ఒక కుటుంబం దగ్గర అడిగి తీసుకున్నాం.

పోయినేడు ఆటపాక వెళ్ళాం, కైకలూరు పక్కన, కొల్లేరు అంచున. 2002లో రామ్‌సర్ జాబితాలోకి (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) ఎక్కిన సరస్సు, చోటు చాలా పెద్దది, అందం కూడా ఎక్కువే. కానీ మాకు బెజవాడ నుంచి రెండు గంటల పైనే పట్టింది, పైగా పిల్లలకి గుర్తున్నది బోటు మాత్రమే. ఫొటోలకైతే ఆటపాక. పిల్లలు ఒక గూటిని దగ్గర్నుంచి చూడాలంటే నా ఓటు ఉప్పలపాడుకే. ఒకటే షరతు, తినడానికీ తాగడానికీ మీరే పట్టుకెళ్ళండి, పిల్లల్ని బాత్రూంకి బయల్దేరే ముందే పంపండి. వెళ్ళాల్సింది చలికాలంలో, గూళ్ళల్లో పిల్లలున్నప్పుడు.

అసలు సంగతి ఇప్పుడు. బయల్దేరబోతుంటే పెద్దది పైకి చూసి, "అమ్మా, జూలో ఉన్నట్టు పైన వల లేదేంటి? ఎగిరిపోతాయి కదా?" అంది. ఎగిరిపోతాయి, మళ్ళీ వస్తాయి, ఎవరూ ఆపరు అన్నాను. ఆటోలో కాసేపు మాట్లాడలేదు. గుంటూరులో టిఫిన్ చేస్తుంటే, అల్లప్పచ్చడి కారానికి కళ్ళనీళ్ళు కారుతుంటే, "మరి మామ్మగారి చిలక?" అంది.

మామ్మగారంటే మా ఇంటి ఓనరు, కింద ఉంటారు. పంజరంలో రామచిలక, రోజూ దానికి జామకాయ ముక్క పెట్టేది మా పిల్లే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకని పెంచుకోవడం నేరం అని మా ఆయన ఆ ఇడ్లీల మధ్యలో అనాల్సింది కాదు. "అయితే మామ్మగార్ని పోలీసులు పట్టుకెళ్తారా?" "వదిలేస్తే సరిపోతుంది కదా?" ఏళ్ళ తరబడి పంజరంలో ఉన్నదాన్ని ఉన్నపళంగా వదిలితే తిండి వెతుక్కోలేదు, కాకులు పొడుస్తాయి, అటవీ శాఖ వాళ్ళకి అప్పగించాలి అని నాకు తెలిసింది చెప్పాను. చెప్పేటప్పుడు అది పిల్లకే చెప్తున్నాననుకున్నా.

సోమవారం స్కూలు నుంచి రాగానే బ్యాగు మెట్ల మీద పడేసి నేరుగా కిందకి వెళ్ళింది. పది నిమిషాల తర్వాత పైకొచ్చి, "చెప్పేశానమ్మా" అంది. ఆ సాయంత్రం నీళ్ళ మోటారు వెయ్యమని అడగడానికి నేను వెళ్తే మామ్మగారు తలుపు తీశారు కానీ, మాట్లాడలేదు.